దుకాణాల ముఖభాగ మెరుగుదల గ్రాంటు

దుకాణాల ముఖభాగ మెరుగుదల గ్రాంటు అనగా చిన్న వ్యాపారులు తమ దుకాణం వీధివైపు రూపాన్ని బాగుచేసుకోవడానికి స్థానిక ప్రభుత్వం అందించే ఆర్థిక సహాయం. ఈ పద్ధతి ముఖ్యంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, కెనడాలో వ్యాప్తిలో ఉంది. నగరపాలక సంస్థ, కౌంటీ, లేదా వాటి తరఫున పనిచేసే అభివృద్ధి సంస్థ ఈ గ్రాంటును మంజూరు చేస్తుంది. గోడల మరమ్మతు, కిటికీలు, తలుపులు, నామఫలకాలు, దీపాలు, రంగులు మొదలైన బయటి పనులకు మాత్రమే సాధారణంగా ఇది వర్తిస్తుంది.

ఈ గ్రాంటుకు రెండు ప్రధాన లక్షణాలు ఉన్నాయి. మొదటిది, ఇది ఖర్చులో ఒక భాగాన్ని మాత్రమే భరిస్తుంది. మిగిలినది వ్యాపారి పెట్టుకోవాలి. రెండవది, చాలా పథకాలలో ఈ సొమ్ము పని పూర్తయిన తరువాత తిరిగి చెల్లింపు రూపంలో వస్తుంది. అందువలన ప్రభుత్వ ధనానికి రక్షణ లభిస్తుంది గాని, చేతిలో పెట్టుబడి లేని వ్యాపారికి గ్రాంటు అందుబాటులో లేకుండా పోయే ప్రమాదమూ ఉంది. ఈ పథకాలపై జరిగే చర్చలో ఎక్కువ భాగం ఈ అంశం చుట్టూనే తిరుగుతుంది.

నేపథ్యం

దుకాణాల ముందుభాగాలను బాగుచేయించడంలో ప్రభుత్వం పాలుపంచుకోవడం అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం కాలంలోనే కనిపిస్తుంది. 1934 నాటి జాతీయ గృహనిర్మాణ చట్టం ద్వారా ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, భవనాల ఆధునికీకరణకు బ్యాంకులు ఇచ్చే రుణాలకు బీమా కల్పించింది. ఇళ్ళతో పాటు దుకాణాలకు కూడా ఈ సదుపాయం వర్తించింది. నిర్మాణ రంగంలో పని కల్పించడం దీని ముఖ్యోద్దేశం. 1935లో లిబ్బీ-ఓవెన్స్-ఫోర్డ్ అనే గాజు కంపెనీ దుకాణ ముఖభాగాల నమూనాల కోసం వాస్తుశిల్పులకు పోటీ కూడా నిర్వహించింది. ఆ కాలంలో పాత ఇటుక గోడలపై రంగు గాజు పలకలు, లోహపు పట్టీలు అమర్చడం పరిపాటి అయింది. అయితే అది రుణ సహాయమే గాని గ్రాంటు కాదు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పరిస్థితి మారింది. మధ్యతరగతి ప్రజలు నగర శివార్లకు తరలిపోయారు. 1956 నాటి ఫెడరల్ రహదారుల చట్టంతో అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం ఊపందుకున్నది. అదే సంవత్సరం మిన్నెసోటా రాష్ట్రంలోని ఈడైనాలో సౌత్‌డేల్ సెంటర్ ప్రారంభమయింది. విక్టర్ గ్రుయెన్ రూపకల్పన చేసిన ఈ భవన సముదాయాన్ని పూర్తిగా కప్పుకింద, వాతావరణ నియంత్రణతో కట్టిన మొదటి షాపింగ్ మాల్‌గా పేర్కొంటారు. ఇటువంటి మాల్స్ పెరిగిన కొద్దీ ఊరి నడిబొడ్డున ఉన్న పాత బజారు వీధులలో బేరాలు తగ్గాయి. పోటీకి తట్టుకోవాలని అనేకమంది దుకాణదారులు 1950, 60లలో పాత భవనాల ముందుభాగాలను అల్యూమినియం రేకులతో కప్పివేశారు. పై అంతస్తుల కిటికీలు ఆ రేకుల వెనుక మరుగునపడ్డాయి. తరువాతి దశాబ్దాలలో గ్రాంట్లు పొందిన పనులలో ఈ రేకులను తొలగించి లోపలి అసలు గోడను బయటపెట్టడం ఒక ముఖ్యమైన అంశమయింది.

1974 ఆగస్టు 22న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన గృహనిర్మాణ, సామాజికాభివృద్ధి చట్టం ద్వారా కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ అనే పథకం ఏర్పడింది. అంతకుముందు వేర్వేరు పద్దుల క్రింద వచ్చే కేంద్ర నిధులను కలిపి, వాటి వినియోగంపై నిర్ణయాధికారాన్ని చాలావరకు స్థానిక ప్రభుత్వాలకు వదిలిపెట్టడం ఈ చట్టం విశేషం. దుకాణాల ముఖభాగ గ్రాంట్లకు స్థిరమైన నిధుల మార్గం దీనితోనే ఏర్పడింది.

మెయిన్ స్ట్రీట్ ఉద్యమం

1949లో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ, 1977లో మేరీ మీన్స్ నాయకత్వాన మెయిన్ స్ట్రీట్ ప్రాజెక్టును ప్రారంభించింది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని గేల్స్‌బర్గ్, ఇండియానాలోని మాడిసన్, దక్షిణ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్ అనే మూడు చిన్న పట్టణాలు ప్రయోగానికి ఎంపికయ్యాయి. పాత భవనాలను పడగొట్టి కొత్తవి కట్టడం కంటే ఉన్నవాటిని బాగుచేసి, వాటిలో వ్యాపారం నిలిచేలా చూడడమే మేలు అన్నది ఈ ప్రాజెక్టు సిద్ధాంతం.

1980లో నేషనల్ మెయిన్ స్ట్రీట్ సెంటర్ ఏర్పడింది. వ్యవస్థీకరణ, ప్రచారం, రూపకల్పన, ఆర్థిక పునర్నిర్మాణం అనే నాలుగు సూత్రాలను ఇది ప్రచారం చేసింది. ముఖభాగ గ్రాంట్లు వీటిలో మూడవదైన రూపకల్పన క్రిందికి వస్తాయి. నాలుగింటిలో ఒకదానితోనే బజారు బాగుపడదని, దుకాణం ముందుభాగం ఎంత అందంగా ఉన్నా లోపల కొనదగిన సరుకు లేకపోతే ఉపయోగం లేదని ఈ సంస్థ మొదటి నుండి చెబుతూ వచ్చింది. బాస్టన్ నగరంలోని రోస్లిండేల్ ప్రాంతం 1985లో ఈ విధానాన్ని చేపట్టింది. అప్పటి నగర కౌన్సిలర్ థామస్ మెనీనో దీనికి అండగా నిలిచాడు. అతడు మేయరైన తరువాత 1995లో బాస్టన్ మెయిన్ స్ట్రీట్స్ పేరుతో నగరమంతటికీ దీనిని విస్తరించాడు. చిన్న పట్టణాల కోసం పుట్టిన పద్ధతిని ఒక పెద్ద నగరం మొత్తానికి వర్తింపజేయడం ఇదే మొదలు.

చట్టపరమైన ఆధారం

లాభం కోసం నడిచే ప్రైవేటు వ్యాపారానికి ప్రజాధనం ఇవ్వవచ్చునా అన్నది ఈ పథకాలన్నిటికీ మూలమైన ప్రశ్న. గ్రాంటు బయటి గోడకే ఎందుకు పరిమితమయిందో దీనివలన తెలుస్తుంది.

బ్లాక్ గ్రాంట్ నియమావళి ప్రకారం లాభాపేక్ష గల ప్రైవేటు యజమానికి చెందిన వాణిజ్య భవనాన్ని పునరుద్ధరణ పద్దు క్రింద బాగుచేసేటప్పుడు, కేంద్ర నిధులను భవనం బయటి పనులకు, ఆస్బెస్టాస్, సీసపు రంగు వంటి ప్రమాదాల నివారణకు, భవన నిబంధనల ఉల్లంఘనలను సరిదిద్దడానికి మాత్రమే వాడాలి. లోపలి అలంకరణ వ్యాపారి సొంత లాభమని, వీధివైపు గోడ అందరికీ కనిపించేది గనుక దాని మెరుగుదల వీధి మొత్తానికి ప్రయోజనమని ఈ విభజన వెనుక ఉన్న తర్కం.

అనేక అమెరికా రాష్ట్రాల రాజ్యాంగాలలో ప్రజాధనాన్ని ప్రైవేటు వ్యక్తులకు దానంగా ఇవ్వరాదనే నిబంధన ఉంది. వాషింగ్టన్, అరిజోనా రాష్ట్రాలు ఇందుకు ఉదాహరణలు. ఇటువంటి అడ్డంకిని దాటడానికి కొన్ని నగరాలు గ్రాంటుకు బదులుగా ముఖభాగంపై కొన్ని సంవత్సరాల హక్కును కొనుగోలు చేసినట్లు ఒప్పందం రాసుకుంటాయి. ఆ గడువులోగా యజమాని నగరం అనుమతి లేకుండా ముందుభాగాన్ని మార్చకూడదు. అప్పుడు నగరం ఇచ్చిన సొమ్ము దానం కాక, పొందిన హక్కుకు మూల్యం అవుతుంది.

నిధుల మూలాలు

* కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్: కేంద్ర గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ నుండి వస్తుంది. ఈ నిధులలో కనీసం 70 శాతం అల్ప, మధ్యస్థాల్ప ఆదాయ వర్గాలకు మేలు చేసే పనులకు వెచ్చించాలి. ముఖభాగ గ్రాంట్లకు సాధారణంగా చుట్టుపక్కల నివాసులలో కనీసం 51 శాతం మంది ఆ వర్గాలవారై ఉండాలని, లేదా ఆ ప్రాంతం శిథిలావస్థలో ఉన్నదని నిరూపించాలని నియమం.
* పన్ను పెరుగుదల నిధి: ఒక ప్రాంతాన్ని అభివృద్ధి మండలంగా ప్రకటించి, ఆనాటి ఆస్తి విలువను ఆధారంగా స్థిరపరుస్తారు. తరువాత విలువ పెరగడం వలన అదనంగా వచ్చే ఆస్తిపన్నును అదే మండలంలో ఖర్చు చేస్తారు. కాలిఫోర్నియా 1952లో ఈ విధానాన్ని ప్రవేశపెట్టింది. షికాగో నగరంలోని స్మాల్ బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ ఫండ్ ఈ సొమ్ముతోనే నడుస్తుంది. ఇది కేంద్ర నిధి కానందున లోపలి శాశ్వత మరమ్మతులకు కూడా వర్తిస్తుంది. పాఠశాలలు మొదలైన ఇతర సంస్థలకు చేరవలసిన పన్ను వాటా దీనివలన తగ్గుతుందన్న విమర్శ ఉంది.
* నగర సాధారణ బడ్జెటు, రాష్ట్ర ప్రభుత్వ నిధులు.
* అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం: కోవిడ్ మహమ్మారి తరువాత 2021లో రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు ఈ చట్టం 350 బిలియన్ డాలర్లు కేటాయించింది. అందులో కొంత భాగాన్ని కొన్ని స్థానిక ప్రభుత్వాలు దుకాణాల ముఖభాగాల కోసం వినియోగించాయి.

అర్హమైన పనులు

పథకాన్ని బట్టి తేడాలున్నా, సాధారణంగా క్రింది పనులు అర్హమైనవి.

* ఇటుక, రాతి గోడల మరమ్మతు, దర్జులను తిరిగి నింపడం
* తరువాతి కాలంలో తగిలించిన రేకులు, పలకల తొలగింపు
* ప్రదర్శన కిటికీలు, తలుపులు, పై అంతస్తు కిటికీలు
* నామఫలకాలు, ఎండవానలకు అడ్డుగా కట్టే గుడ్డ లేదా లోహపు చూరులు
* బయటి దీపాలు, రంగులు
* చక్రాల కుర్చీలో వచ్చేవారికి వీలైన వాలుబాట, వెడల్పాటి ద్వారం

పైకప్పు, లోపలి అలంకరణ, యంత్ర సామగ్రి, సరుకు, వ్యాపారి సొంత శ్రమ సాధారణంగా అర్హమైనవి కావు. 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం ప్రకారం దుకాణాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలి గనుక ద్వారం పనులకు పలు పథకాలు ప్రాధాన్యం ఇస్తాయి. ఈ పనులకు అర్హత గల చిన్న వ్యాపారి ఏడాదికి 5,000 డాలర్ల వరకు ఆదాయపు పన్ను తగ్గింపు కూడా కోరవచ్చు.

ఇనుప షట్టరు విషయంలో తరచుగా వివాదం వస్తుంది. పూర్తిగా మూసుకుపోయే షట్టర్లు రాత్రివేళ వీధిని నిర్జీవంగా, భయం గొలిపేదిగా చేస్తాయన్న కారణంతో పలు నగరాలు వాటికి సహాయం ఇవ్వవు. లోపలి దీపం వెలుతురు బయటికి కనిపించే జాలీ షట్టర్లకు మాత్రం ఇస్తాయి. దొంగతనాలు ఎదుర్కొన్న దుకాణదారులు మూసిన షట్టరే క్షేమమని వాదించడం కద్దు.

పాత భవనాలు దెబ్బతినకుండా కూడా నియమాలున్నాయి. ఇసుకను ఒత్తిడితో చిమ్మి ఇటుకను శుభ్రం చేయడం నిషిద్ధం. దానివలన ఇటుక పైనున్న గట్టి పొర పోయి, లోపలి మెత్తని భాగం నీటిని పీల్చుకుంటుంది. అలాగే పాత మెత్తని ఇటుకల మధ్య సున్నం బదులు గట్టి సిమెంటు నింపితే, చలికి, ఎండకు గోడ వ్యాకోచ సంకోచాలు చెందినప్పుడు దర్జు నిలిచి ఇటుక పగులుతుంది. కేంద్ర నిధులు వాడినప్పుడు 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలోని 106వ సెక్షను ప్రకారం సమీక్ష కూడా జరగాలి.

దరఖాస్తు విధానం

1. వ్యాపారి తన దుకాణం గ్రాంటు వర్తించే వీధిలో లేదా మండలంలో ఉన్నదో లేదో నిర్ధారించుకుంటాడు.
2. ప్రస్తుత స్థితి ఛాయాచిత్రాలు, ప్రతిపాదిత నమూనా, గుత్తేదారుల ధరల అంచనాలు జతచేసి దరఖాస్తు సమర్పిస్తాడు. అద్దెకున్న వ్యాపారి భవన యజమాని లిఖితపూర్వక అంగీకారాన్ని కూడా జతచేయాలి.
3. రూపకల్పన సమీక్షా సంఘం నమూనాను పరిశీలించి మార్పులు సూచిస్తుంది. కొన్ని నగరాలు ఈ దశలో వాస్తుశిల్పి సలహాను ఉచితంగా ఏర్పాటు చేస్తాయి.
4. మంజూరు పత్రంపై సంతకాలయిన తరువాత, భవన అనుమతులు తీసుకుని పని ప్రారంభించాలి. మంజూరుకు ముందే మొదలుపెట్టిన పనికి చెల్లింపు ఉండదు. దరఖాస్తుదారులు గ్రాంటు కోల్పోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.
5. పని ముగిసిన తరువాత బిల్లులు, చెల్లింపు రుజువులు, కొత్త ఛాయాచిత్రాలు సమర్పించాలి. తనిఖీ అనంతరం సొమ్ము విడుదలవుతుంది.
6. ఒప్పందంలో పేర్కొన్న కాలం వరకు ముఖభాగాన్ని అదే స్థితిలో నిర్వహించాలి. ముందే తొలగిస్తే సొమ్ము తిరిగి చెల్లించవలసి రావచ్చు.

ఖర్చు పంపకం

ఫిలడెల్ఫియా నగరంలో చాలాకాలం అమలైన నిబంధనల ప్రకారం అర్హమైన ఖర్చులో 50 శాతం వరకు, ఒక దుకాణానికి గరిష్ఠంగా 10,000 డాలర్లు, మూలమీద ఉన్న లేదా ఒకటికి మించిన చిరునామాలున్న భవనానికి 15,000 డాలర్లు తిరిగి చెల్లించేవారు. ఇటువంటి నిబంధన క్రింద ఒక చిన్న దుకాణదారుడు 24,000 డాలర్ల పని చేయించాడని అనుకుంటే, అందులో సగం 12,000 అయినా గరిష్ఠ పరిమితి వలన అతనికి వచ్చేది 10,000 డాలర్లే. తన వాటా 14,000 డాలర్లు. అంతేగాక తిరిగి చెల్లింపు వచ్చేదాకా మొత్తం 24,000 డాలర్లను అతడే సమకూర్చుకోవాలి. అప్పు చేస్తే వడ్డీ కూడా అతనిదే.

కేంద్ర నిధులు వాడినప్పుడు మరొక ఖర్చు చేరుతుంది. 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం ప్రకారం 2,000 డాలర్లకు మించిన నిర్మాణ కాంట్రాక్టులలో పనివారికి ఆ ప్రాంతంలో కేంద్ర కార్మిక శాఖ నిర్ణయించిన వేతనాలు చెల్లించి, వారం వారం జీతాల పట్టీలు దాఖలు చేయాలి. ఇది కార్మికులకు రక్షణ. అయితే చిన్న పనులు చేసే గుత్తేదారులు ఈ రాతకోతలకు వెరచి ముందుకు రాకపోవడం, వచ్చినవారు ఎక్కువ ధర కోరడం జరుగుతుంది. వచ్చిన గ్రాంటును సాధారణంగా వ్యాపార ఆదాయంగా లెక్కించి పన్ను కూడా కట్టవలసి ఉంటుంది. 2017 నాటి పన్నుల చట్టం, ప్రభుత్వ సంస్థలు కంపెనీలకు మూలధనంగా ఇచ్చే సొమ్ముకు అంతకుముందున్న మినహాయింపును తొలగించింది.

ఈ ఇబ్బందులను తగ్గించడానికి కొన్ని స్థానిక ప్రభుత్వాలు గ్రాంటును విడతలుగా చెల్లించడం, సొమ్మును నేరుగా గుత్తేదారుకు ఇవ్వడం, వ్యాపారి వాటాను తగ్గించడం, లేదా వాటాకు తక్కువ వడ్డీ రుణం ఏర్పాటు చేయడం వంటి పద్ధతులను అనుసరిస్తున్నాయి.

అద్దెదారు, భవన యజమాని

చిన్న వ్యాపారులలో చాలామందికి సొంత భవనం ఉండదు. అద్దెదారు తన వాటా డబ్బు పెట్టి, ప్రభుత్వ గ్రాంటు కూడా తెచ్చి ముఖభాగాన్ని బాగుచేస్తే, గోడ, కిటికీలు భవన యజమాని ఆస్తిలో భాగమవుతాయి. అద్దె ఒప్పందం గడువు దగ్గరపడితే యజమాని పెరిగిన విలువను బట్టి అద్దె పెంచవచ్చు. అప్పుడు బాగుచేసినవాడు ఖాళీ చేయవలసి వస్తుంది. ప్రజాధనం వలన కలిగిన లాభం ఆస్తిదారుకు చేరుతుంది.

దీనిని నివారించడానికి కొన్ని పథకాలు దరఖాస్తు నాటికి అద్దె ఒప్పందంలో కనీసం కొన్ని సంవత్సరాల గడువు మిగిలి ఉండాలని కోరుతాయి. యజమానియే దరఖాస్తు చేసినప్పుడు నిర్ణీత కాలం వరకు అద్దె పెంచరాదని షరతు విధించే వీలుంది. ఇటువంటి షరతు లేని చోట నామఫలకం, చూరు వంటి తీసుకుపోగల వస్తువులపై ఖర్చు పెట్టడం అద్దెదారుకు క్షేమకరం. గోడలు, కిటికీల భారం యజమాని వహించడం న్యాయంగా ఉంటుంది.

ప్రయోజనాలు, విమర్శలు

ఈ పథకాలను సమర్థించేవారి ముఖ్య వాదన ఇరుగుపొరుగు ప్రభావం. వీధిలో ఒక్క దుకాణం శిథిలంగా ఉంటే పక్కవారికీ నష్టమే. ఎవరికి వారు పక్కవాడు ముందు బాగుచేస్తాడని వేచి ఉంటే ఎవరూ పని మొదలుపెట్టరు. మొదటి నలుగురైదుగురికి గ్రాంటు ఇస్తే ఈ ప్రతిష్టంభన తొలగుతుంది. ఈ కారణం చేతనే అనేక నగరాలు డబ్బును ఊరంతా చల్లకుండా, ఒకటి రెండు వీధులలో పక్కపక్కనున్న దుకాణాలకు కలిపి ఇస్తాయి.

విమర్శలు కూడా అనేకం. ఫలితాన్ని కొలవడం కష్టం. దరఖాస్తు చేసేవారు సాధారణంగా అప్పటికే ఉత్సాహం, పెట్టుబడి ఉన్నవారు గనుక వారి అమ్మకాలు పెరిగితే అది గ్రాంటు వల్లనే అని చెప్పలేము. గ్రాంటు లేకపోయినా కొందరు ఆ పని చేయించేవారే. ఇంగ్లీషు రాని వలస వ్యాపారులకు దరఖాస్తులు, అంచనాలు, అనుమతుల ప్రక్రియ భారమవుతుంది. రూపకల్పన సంఘాలు ఒకే తరహా రంగులు, అక్షరాలను కోరడం వలన బజారు తన సహజమైన వైవిధ్యం కోల్పోతుందన్న అభ్యంతరమూ ఉంది. అద్దెలు పెరిగి పాత వ్యాపారులు, నివాసులు వెళ్ళిపోవలసి రావడం అన్నిటికంటే తీవ్రమైన విమర్శ.

ఇతర దేశాలలో

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మునిసిపల్ చట్టం వ్యాపార సంస్థలకు నేరుగా ఆర్థిక సహాయం చేయడాన్ని నిషేధిస్తుంది. ప్రణాళికా చట్టంలోని 28వ సెక్షను క్రింద సామాజికాభివృద్ధి ప్రణాళికను ఆమోదించిన ప్రాంతాలలో మాత్రం మినహాయింపు ఉంది. టొరంటో నగరపు ముఖభాగ గ్రాంట్లు ఈ మినహాయింపుపైనే ఆధారపడ్డాయి.

ఇంగ్లండులో ఇది వారసత్వ పరిరక్షణతో ముడిపడి ఉంది. హెరిటేజ్ లాటరీ ఫండ్ 1998లో ప్రారంభించిన టౌన్‌స్కేప్ హెరిటేజ్ ఇనీషియేటివ్ స్థానిక సంస్థల ద్వారా భవన మరమ్మతులకు సహాయం చేసింది. 2020 నుండి 2024 వరకు హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ 95 మిలియన్ పౌండ్లతో అరవైకి పైగా బజారు వీధులలో మరొక పథకాన్ని అమలు చేసింది. పాత దుకాణాల ముఖభాగాల పునరుద్ధరణ అందులో ఒక భాగం.

భారతదేశంలో బజారుల ముఖభాగాలను సాధారణంగా నిబంధనల ద్వారా, లేదా ప్రభుత్వమే స్వయంగా చేపట్టే పనుల ద్వారా తీర్చిదిద్దుతారు. 1908 మూసీ వరదల తరువాత 1912లో హైదరాబాదులో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి చార్మినార్ సమీపాన పత్తర్‌గట్టీలో రాతి కమానులతో ఒకే తీరున దుకాణాల వరుసలను నిర్మించింది. అక్కడ ముఖభాగం ప్రభుత్వ నిర్మాణమే గాని వ్యాపారికి ఇచ్చిన సహాయం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దుకాణాల నామఫలకాలపై తెలుగు ఉండాలన్న నిబంధన కూడా ఇటువంటిదే. అది వ్యాపారి పాటించవలసిన షరతు. దాని ఖర్చు వ్యాపారిదే. ప్రజలందరికీ కనిపించే గోడ బాగుకు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు ముఖభాగ గ్రాంటు ఇచ్చే సమాధానం వేరు: ప్రభుత్వం, వ్యాపారి చెరి కొంత భరించాలి.

ఇవి కూడా చూడండి

* స్థానిక స్వపరిపాలన
* పట్టణ ప్రణాళిక
* ఆస్తి పన్ను
* వారసత్వ కట్టడాలు
* పత్తర్‌గట్టీ